సున్నా టిక్కెట్టు

మొన్న కార్తీకమాసంలో ఒక పని మీద నల్లమాడ వెళ్ళి, పల్లెవెలుగు బస్సులో కదిరికి తిరిగి వస్తున్నాను. రోడ్డుకు రెండువైపులా శెనక్కాయ పీకేసిన చేలు ఎర్రగా, బోడిగా పడి ఉన్నాయి. కళ్ళాల దగ్గర కట్టె వాములు మనిషి ఎత్తు కూడా లేవు. పక్క సీట్లో ఒక అవ్వ కూర్చుంది. ఒళ్ళో గంప, కొంగున ముడేసుకున్న ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు. కండక్టరు ఆ కార్డు చూసి, మిషను నొక్కి, ఒక చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, నా వైపు చాపింది.

"ఇందులో ఎంతని రాసిండాదమ్మా?"

"సున్నా అవ్వా."

"సున్నాకి చీటీ ఎందుకు?"

చదువుకున్నదాన్ని కదా, వివరించబోయాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో 'స్త్రీశక్తి' పథకం వచ్చిందని, ఆడవాళ్ళు డబ్బు కట్టనక్కర్లేదని, మన తరఫున ప్రభుత్వం కడుతుందని, ఎంతమంది ఎక్కారో లెక్క తేలడానికే ఈ చీటీ అని చెప్పాను.

"సర్కారు ఎవురికి కడతాది?"

"బస్సు సంస్థకి."

"మల్ల బస్సు ఎవురిది?"

"అదీ సర్కారుదే అవ్వా."

అవ్వ కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వింది. "అట్లయితే మా అత్త మాదిరే. ఈ కొంగులో ముడి ఇప్పి ఆ కొంగులో ముడేసుకొని, ఇంటికి కర్సు పెట్టినా అని చెప్పేది." మళ్ళీ ఉన్నట్టుండి నవ్వు ఆపి, "నడాన ఆ దుడ్లు యాడన్నా జారిపోతే ఎవుర్ని అడగల్ల?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బీయే చదివి, నాలుగు నవలలు రాసి, మొగుడూ పెళ్ళాల తగాదాలన్నిటికీ కాగితం మీద తీర్పులిచ్చిన నేను, 'ఎవుర్ని అడగల్ల' అన్న రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

నిజానికి ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఒకసారి విన్నాను. మా పిన్ని కుట్టుమిషను తొక్కి, రూపాయి రూపాయి కూడబెట్టి, కూతురి పెళ్ళి కోసం ఒక కంపెనీలో నెలనెలా కట్టింది. ఆ కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. గడువు తీరేనాటికి ఆఫీసుకు వెళితే బోర్డు ఉంది, బల్ల ఉంది, బల్ల వెనక ఒక గుమాస్తా ఉన్నాడు. పిన్ని ఏడుస్తూ అడిగితే ఆయన పాపం మర్యాదగానే చెప్పాడు: "మీ డబ్బు నేను తినలేదమ్మా. డైరెక్టరుగారూ తినలేదు. కంపెనీ నష్టపోయింది. మీరు కంపెనీని అడగండి."

పిన్ని నాలుగు గోడలూ కలయజూసి, "కంపెనీకి నోరెక్కడుంది నాయనా, అడగడానికి?" అంది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ గుమాస్తా దొంగమాట చెబుతున్నాడనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, ఆయన చెప్పింది చట్టం మాటేనని.

చట్టం దృష్టిలో కంపెనీ అంటే ఒక మనిషి. కాళ్ళూ చేతులూ లేని మనిషి. దాని ఆస్తి దానిది, దాని అప్పు దానిది. దాన్ని పుట్టించినవాళ్ళు పోయినా అది పోదు. 1897లో ఇంగ్లండులో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి కేసులో అక్కడి ప్రభువుల సభ ఈ సంగతిని ఖాయం చేసింది. ఆయన తన వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. వాటాదార్లు ఆయన, భార్య, పిల్లలే. కంపెనీ దివాలా తీశాక అప్పులవాళ్ళు సాలమన్ మీద పడితే, కంపెనీ వేరు, సాలమన్ వేరు అని తీర్పు వచ్చింది. కంపెనీ పేరు చివర 'లిమిటెడ్' అని ఉంటుంది చూడండి, దాని అర్థం ఇదే. వాటాదారు బాధ్యత అతను పెట్టిన సొమ్ము వరకే. ఇంట్లో గిన్నెలు జప్తు చేయడానికి వీల్లేదు.

ఇది అన్యాయమని తోస్తుంది. నాకూ చాలా ఏళ్ళు అలాగే తోచింది. కాని ఈ హద్దు లేకపోతే ఎవరూ ధైర్యం చేసి పదిమందితో కలిసి పెట్టుబడి పెట్టరు. నూరు రూపాయల వాటా కొన్న స్కూలు టీచరు, ఫ్యాక్టరీ మునిగితే తన ఇల్లు అమ్ముకోవలసి వస్తే, వాటా కొంటుందా? పెద్ద పనులు జరగాలంటే పదిమంది సొమ్ము కలవాలి, పదిమంది కలవాలంటే భయానికి ఒక హద్దు ఉండాలి. చట్టం చేసిన బేరం అది.

మనకు ఇదేమీ వింత కూడా కాదు. కదిరి బస్సులో కూర్చున్న నాకు ఎదురుగా ఆ ఊరి నరసింహస్వామే ఉదాహరణ. మన దేశపు న్యాయస్థానాలు గుడిలోని దేవుణ్ణి కూడా చట్టరీత్యా వ్యక్తిగానే చూస్తాయి. దేవుడికి ఆస్తి ఉండవచ్చు. ఆయన పేరున దావా వేయవచ్చు, ఆయన మీదా వేయవచ్చు. కాకపోతే ఆయన స్వయంగా కోర్టుకు రాలేడు గనక, మైనరు పిల్లవాడి ఆస్తిని చూసినట్టు ఆయన ఆస్తిని చూసే మనిషి ఒకడుండాలి. ఆ మనిషికి మన పెద్దలు పెట్టిన పేరు ఎంత బాగుందో చూడండి: ధర్మకర్త! లాభకర్త అనలేదు, అధికారి అనలేదు. నోరు లేనివాడి సొమ్ముకు కాపలా ఉండేవాడు ధర్మాన్ని చేసేవాడై ఉండాలన్నారు.

కంపెనీకి డైరెక్టరు అలాంటివాడే. కంపెనీ చట్టం అంతా, ఎన్ని వందల సెక్షన్లున్నా, ఈ నోరులేని మనిషి చుట్టూ ఎవరిని ధర్మకర్తలుగా నిలబెట్టాలి, వాళ్ళు తప్పు చేస్తే ఎలా పట్టుకోవాలి అన్న తాపత్రయమేనని నాకనిపిస్తుంది.

ఆ తాపత్రయం ఎంత అవసరమో మన హైదరాబాదే దేశానికి చూపించింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లెక్కల్లో ఉన్న సొమ్ము నిజంగా లేదని ఉత్తరం రాశాడు. దాదాపు 7,000 కోట్ల తేడా! అంతకు మూడు వారాల ముందే, 2008 డిసెంబరులో, ఆ కంపెనీ బోర్డు రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి సరేనంది. వాటాదార్లు గగ్గోలు పెడితే గంటల్లో వెనక్కు తీసుకుంది. ఆ బోర్డులో ఉన్నవాళ్ళు చదువురానివాళ్ళా? విదేశీ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్ళు, ప్రభుత్వంలో పెద్ద పదవులు చేసి వచ్చినవాళ్ళు. ఆడిటర్లు ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టారు. అందరూ ఉన్నారు, చూసినవాడు లేడు. ఇంటినిండా చుట్టాలుండగా పొయ్యి మీద పాలు పొంగిపోయిన చందం. ఒకరు చూస్తున్నారు కదా అని మరొకరు ఊరుకున్నారు.

అప్పుడు కేంద్ర ప్రభుత్వం నాలుగు రోజుల్లో పాత బోర్డును తీసేసి కొత్త డైరెక్టర్లను వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. దాదాపు 50 వేల మంది ఉద్యోగుల ఇళ్ళల్లో పొయ్యి ఆరకుండా ఆగింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజుకూ, మరికొందరికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. తర్వాత అప్పీలు మీద బెయిలు వచ్చింది. ఈ లోపల 2013లో కొత్త కంపెనీ చట్టం వచ్చింది. డైరెక్టరు చేయవలసిన విధులు ఏమిటో అందులో రాశారు. పెద్ద కంపెనీల్లో ఒకే ఆడిటు సంస్థ పదేళ్ళకు మించి ఉండకూడదన్నారు. స్టాకు మార్కెట్లో ఉన్న కంపెనీల్లోనూ, మరికొన్ని పెద్ద కంపెనీల్లోనూ కనీసం ఒక్క ఆడమనిషైనా డైరెక్టరుగా ఉండాలన్నారు.

ఈ చివరి నిబంధన చదివి నేను సంబరపడ్డాను. కాని చాలా కంపెనీలు ఆ ఒక్క కుర్చీలో యజమానిగారి భార్యనో, కూతురినో, వదినగారినో కూర్చోబెట్టాయని పత్రికలు రాశాయి. ఇందులో ఆ ఆడవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సంతకం పెట్టమన్నచోట పెట్టడం మనకు పుట్టింట్లోనే నేర్పుతారు. 'ఏమిటిది?' అని అడగడం ఎవరూ నేర్పరు. చట్టం కుర్చీ వేయగలదు. అందులో కూర్చున్న మనిషి నోరు విప్పుతుందో లేదో చట్టం చేతుల్లో లేదు.

ఇంతవరకూ ప్రైవేటు కంపెనీల మాట. ఇప్పుడు అవ్వ అడిగిన అసలు చిక్కుకు వద్దాం. కంపెనీ ప్రభుత్వానిదే అయితే?

ప్రైవేటు కంపెనీ తప్పు చేస్తే ప్రభుత్వం చెవి పట్టుకుంటుంది. ప్రభుత్వ సంస్థ తప్పు చేస్తే ఎవరు పట్టుకోవాలి? మనకొక సామెత ఉంది: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. చట్టం చేసేదీ అత్తగారే, వ్యాపారం చేసేదీ అత్తగారే, తగవు తీర్చేదీ అత్తగారే అయితే పగిలిన కుండలన్నీ అడుగోటివే అవుతాయి.

ఈ సంగతి మన రాజ్యాంగం రాసినవాళ్ళకు, చట్టాలు చేసినవాళ్ళకు తెలియకపోలేదు. 51 శాతమో అంతకు మించో వాటా ప్రభుత్వానిదైతే అది ప్రభుత్వ కంపెనీ. దాని ఆడిటరును ఆ కంపెనీ ఎంచుకోడానికి లేదు. దేశపు పద్దులు తనిఖీ చేసే కాగ్ నియమిస్తారు. ఆ నివేదిక పార్లమెంటు ముందుకో, శాసనసభ ముందుకో రావాలి. ఆర్టీసీ లాంటివి కంపెనీలు కావు, ప్రత్యేక చట్టంతో పుట్టిన కార్పొరేషన్లు. వాటి పద్దుల మీదా కాగ్ కన్ను ఉంటుంది. అంటే అత్తగారి పెట్టె తాళం చెవి ఒకటి ఊరి పెద్ద దగ్గర పెట్టారన్నమాట.

ఆ తాళం చెవి వాడినవాళ్ళు ఉన్నారు. ఎల్.ఐ.సి. పాలసీ లేని మధ్యతరగతి ఇల్లు అరుదు కదా! 1956 సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. పుట్టింది. ఏడాది తిరక్కుండానే, 1957లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన, నడక సరిగా లేని ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ 24 లక్షలు పోసి కొన్నది. పాలసీదార్ల సొమ్ము! పార్లమెంటులో దాన్ని నిలదీసినవాడు ప్రతిపక్షం మనిషి కాదు. సాక్షాత్తూ ప్రధాని నెహ్రూగారి అల్లుడు, ఫిరోజ్ గాంధీ. మామగారి ప్రభుత్వాన్నే అల్లుడు నలుగురిలో అడిగాడు. మన ఇళ్ళల్లో అయితే సంక్రాంతికి పిలిచేవారా ఆ అల్లుణ్ణి?

న్యాయమూర్తి చాగ్లా బహిరంగంగా విచారణ జరిపాడు. జనం విరగబడి వచ్చారు. మంత్రి తన కార్యదర్శి చేసిన పని తనకు తెలియదనబోయాడు. చాగ్లా ఒప్పుకోలేదు. కార్యదర్శి చేసిన దానికి మంత్రే జవాబుదారీ అన్నాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదిలి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు మా పిన్నికి గుమాస్తా చెప్పిన మాట గుర్తుందా? 'నేను కాదు, కంపెనీ.' ఆ మాటను పెద్ద ఎత్తున మంత్రిగారు చెప్పబోతే, కుదరదు అన్నవాడొకడు అప్పుడు దొరికాడు.

ఇంకొక ఉదాహరణ మన అనంతపురం జిల్లాకు మరీ దగ్గరిది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను జాతీయం చేయాలనుకున్నారు. బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పుకోవచ్చన్నారు. ఆ అభ్యంతరాలు విన్నవాడు రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయం చేసినవాడు ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు అనే ఆయన సుప్రీంకోర్టుకెళ్ళాడు. మన రాజమండ్రిలో పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు 1958 నవంబరులో ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే ఆ వినడం ఉత్త తంతు. పైగా ఆ శాఖ మనిషే ఆ శాఖ తగవు విని తీర్చడం పక్షపాతానికి దారి.

చట్టం చదవని నాకు కూడా ఇది వెంటనే అర్థమైంది. ఎందుకంటే ఉమ్మడి కుటుంబంలో పెరిగినదాన్ని. కోడలి గోడు ఆడబిడ్డ వినేది, తీర్పు మామగారు చెప్పేవాడు. ఆ ఇద్దరి మధ్య మాట ఎంత మారిపోయేదో నాకు తెలుసు!

తర్వాత కర్నూలు వంతు వచ్చింది. ఆ జిల్లా పడమటి భాగంలోని బస్సు రూట్లను జాతీయం చేశారు. అనుకున్న వరస మార్చి ఆ ప్రాంతాన్ని ముందుకు తెచ్చారని, అక్కడి బస్సుల యజమానుల్లో ముఖ్యమంత్రికి రాజకీయంగా కానివాళ్ళున్నారనే అలా చేశారని ఆరోపణ. ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? మన ఇల్లూరు బిడ్డ, నీలం సంజీవరెడ్డిగారు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు ఆ జాతీయీకరణను కొట్టివేసింది. ఆరోపణకు జవాబు తెలిసిన మనిషి స్వయంగా ప్రమాణపత్రం వేసి కాదనలేదు గనక, అది ఖండన లేకుండా నిలిచిపోయిందని అన్నది. పదవి దిగిపొమ్మని కోర్టు అనలేదు. ఆ అధికారం దానికి లేదు కూడా. అయినా 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఆయన తప్పు చేశారో లేదో తేల్చడానికి నేనెవర్ని? రాజకీయాల్లో రాజీనామాలకు పైకి కనిపించే కారణాలే కాక వేరే కారణాలూ ఉంటాయని ఎవరైనా అనవచ్చు. అదీ నిజమే కావచ్చు. నన్ను కదిలించింది మరొకటి. బస్సు రూట్ల తగవులో, 'అది ఆర్టీసీ వాళ్ళు వేసిన పథకం, శాఖ వాళ్ళు నడిపిన ఫైలు' అని పక్కకు తప్పుకునే దారి ఉండి కూడా, ఒక మనిషి తన పేరు మీదికి ఆ మాట రానిచ్చుకుని కుర్చీ దిగాడు. ఆ తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యాడు, లోక్‌సభ స్పీకరయ్యాడు, 1977లో రాష్ట్రపతే అయ్యాడు. కుర్చీ దిగినందువల్ల ఆయన చిన్నవాడైపోలేదు.

సరే, తప్పు చేస్తే పట్టుకోడానికి కోర్టులున్నాయి, కాగ్ ఉంది అనుకుందాం. కాని ఎవరూ తప్పు చేయకపోయినా ప్రభుత్వ సంస్థకు ఒక ధర్మసంకటం పుట్టుకతోనే ఉంది. ఆర్టీసీలకు మూలమైన 1950 నాటి చట్టం తిరగేస్తే నాకది కనిపించింది. 18వ సెక్షను, ప్రజలకు చాలినంతగా, చవకగా, సమర్థంగా రవాణా సౌకర్యం కల్పించడం కార్పొరేషను విధి అంటుంది. 22వ సెక్షను, కార్పొరేషను వ్యాపార సూత్రాల మీద నడవాలి అంటుంది. 34వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలివ్వవచ్చు అంటుంది. ఒక్క కోడలికి ముగ్గురు పెద్దలు! అందరికీ కడుపునిండా వడ్డించమని ఒకరు, సరుకులు నెలాఖరుదాకా రావాలని ఒకరు, నేను చెప్పినట్టు చెయ్యమని మరొకరు.

నల్లమాడ లాంటి ఊళ్ళకు వ్యాపార సూత్రం ప్రకారం బస్సు వేయాలా? వాన చాలని సీమ. శెనక్కాయ పండితే జనం బస్సెక్కుతారు, పండకపోతే వలస పోతారు. 2009 ఎన్నికలకు ముందు దాకా నల్లమాడ పేరు మీద ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. తర్వాత అదీ పుట్టపర్తిలో కలిసింది. వ్యాపారి కళ్ళతో చూస్తే ఇక్కడ ఏముంది? కాని పురిటినొప్పులొచ్చిన పిల్ల, కదిరి కాలేజీకి వెళ్ళే పిల్ల, గంపతో సంతకు వెళ్ళే అవ్వ వ్యాపార సూత్రాలు చూసుకుని బయల్దేరరు.

మన ఇళ్ళల్లో ఈ సంకటాన్ని రోజూ మనమే తీరుస్తున్నాం. సంపాదించే కొడుక్కీ, సంపాదించని అత్తగారికీ ఒకే బియ్యం వండుతాం. అత్తగారి మందుల ఖర్చును 'నష్టం' అని ఎవరూ రాయరు. అయితే మంచి ఇల్లాలు ఇంకొక పని కూడా చేస్తుంది. ఆ మందులకు ఎంతైందో పద్దులో రాస్తుంది. రాయకపోతే రెండు ప్రమాదాలు. ఒకటి, ఆ పేరు చెప్పి ఇంట్లో ఎవరో డబ్బు మళ్ళించవచ్చు. రెండోది, నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు, 'అంతా మీ అమ్మ మందులకే అయిపోయింది' అని ఆ ముసలావిడ మీద నింద పడవచ్చు.

ప్రభుత్వ సంస్థల విషయంలో జరుగుతున్నది తరచు ఈ రెండోదే. నష్టం వచ్చే ఊరికి బస్సు నడపమని ఆదేశం. అది ధర్మమే. ఆ నష్టం ఎవరు భరించాలో, ఎప్పుడు కట్టాలో రాయకుండా వదిలేస్తే అది అధర్మం. పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి 'ఈ సంస్థ దండగమారిది, వదిలించుకుందాం' అంటారు. విశాఖ ఉక్కు సంగతే చూడండి. 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. జనం దాన్ని 'మన ఉక్కు' అంటారు. చట్టం దృష్టిలో యజమాని మాత్రం వాటాలున్న కేంద్ర ప్రభుత్వం. సొంత ఇనుప గనులు లేకుండా దాన్ని నడిపించి, 2021 జనవరిలో నూటికి నూరుపాళ్ళూ అమ్మేయాలని సూత్రప్రాయంగా నిర్ణయించారు. మళ్ళీ 2025 జనవరిలో 11,440 కోట్ల సాయం ప్రకటించారు. అమ్మడం తప్పా, నిలబెట్టడం తప్పా అని నేను వాదించడం లేదు. పిల్లవాడికి పాలు తగ్గించి, చిక్కిపోయాడని తిట్టి, దత్తతకు బేరం పెట్టి, మళ్ళీ మందు కొనిపెట్టడం వెనక ఏ ఒక్క మనిషైనా 'ఇది నా నిర్ణయం' అని నిలబడ్డాడా అని మాత్రం అడుగుతున్నాను.

అందుకే సున్నా టిక్కెట్టు మీద ఇప్పుడు నాకు గౌరవం కలిగింది. ఉచితం అనే మాటలో నాకు నమ్మకం లేదు. ఎవరో ఒకరు కట్టందే ఏదీ రాదు. ఆ కట్టేది ఎవరో, ఎంతో లెక్కరాసేదే ఆ చీటీ. అవ్వ ప్రయాణానికి సంస్థకు రావలసిన డబ్బు ప్రభుత్వం బాకీ పడింది అన్నదానికి అది సాక్ష్యం. అది చిరిగిపోతే రేపు అవ్వ ప్రయాణం ధర్మం కాదు, దండగ అయిపోతుంది.

ఇక 'ఎవుర్ని అడగల్ల' అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు. చట్టం కంపెనీకి పేరు ఇవ్వగలదు, ఆస్తి ఇవ్వగలదు, చావులేని ఆయుస్సు ఇవ్వగలదు. సిగ్గు మాత్రం ఇవ్వలేదు. సిగ్గు పడాలంటే ముఖం ఉండాలి. అందుచేత సంస్థలకు మనస్సాక్షి ఉంటుందా అని చర్చించడం అనవసరం, ఉండదు. చట్టం చేయగలిగిన మంచిపని ఒక్కటే. ఆ సంస్థ ముఖం లేనితనం వెనక దాక్కోకుండా, ఎక్కడో ఒకచోట ఒక మనిషి చేత 'నేను చేశాను, నేను జవాబు చెబుతాను' అనిపించడం. ప్రైవేటు కంపెనీలో అది డైరెక్టరు, ప్రభుత్వ సంస్థలో అది మంత్రి. ధర్మకర్త అన్న మాటకు ఇద్దరూ తగి ఉండాలి.

అయితే ఎవరూ అడగకపోతే జవాబు ఎవరు చెబుతారు? చాగ్లాకు ముందు ఫిరోజ్ గాంధీ అడిగాడు. కోకా సుబ్బారావుకు ముందు గుళ్ళపల్లి నాగేశ్వరరావు అడిగాడు. 2005 నుంచి మనకు సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ సంస్థను ఒక కాగితం మీద అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మా పిన్ని కాలంలో అది లేదు. ఉన్నా, ప్రైవేటు కంపెనీ ఆ చట్టం కిందికి రాదు గనక ఆవిడకు ఉపయోగపడేది కాదు. ఈ మధ్య కాలంలో అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టిన లక్షలాది కుటుంబాలది కూడా అదే గోడు. వాళ్ళలో చిన్న డిపాజిటర్లకు 2019లోనూ, 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి కొంత కట్టింది. కాపలావాడు నిద్రపోతే దొంగ ఎత్తుకుపోయినదాన్ని ఊరంతా చందా వేసుకుని కట్టవలసి వస్తుంది.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది పాల లెక్క తప్పితే కాలెండరు చూపించి పాలవాణ్ణి నిలదీస్తారు. అప్పుడు లేని మొహమాటం, పెద్ద బోర్డూ పెద్ద బల్లా కనబడేసరికి ఎందుకు వస్తుందో మనల్ని మనం అడుగుకోవాలి. నన్ను కూడా కలిపే అంటున్నాను.

కదిరి వచ్చింది. అవ్వ గంప నెత్తికెత్తుకుని దిగబోతూ ఆగి, ఆ సున్నా చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"ఊరొచ్చేసింది కదవ్వా, ఇంకెందుకది? పారెయ్యి" అన్నాను.

"ఎట్ల పారేస్తా?" అంది అవ్వ. "నన్ను ఎవురన్నా అడిగితే చూపియ్యల్ల కదా!"